సూదికి తగ్గ గీత

బడి చొక్కా జేబు మీద ఏడు సెంటీమీటర్ల బ్యాడ్జి. చుట్టూ వలయం, వలయంలో బడి పేరు, నడుమ తెరిచిన పుస్తకం, పుస్తకం మీద దీపం, దీపం వెనక పొద్దుపొడుపు, కింద రిబ్బన్‌లో ఒక నినాదం. మన ఊళ్లలో బడి లోగోలు చాలావరకు ఈ సరుకుతోనే తయారవుతాయి. ఫ్లెక్సీ మీద, ఫీజు రసీదు మీద అవి నిండుగా కనిపిస్తాయి. దారంతో కుట్టాక మాత్రం దీపం పసుపు మరకగా, నినాదం తెల్లటి గరుకు చారగా మిగులుతుంది. మెషీన్ బాగాలేదని తల్లిదండ్రులు అనుకుంటారు. దారం నాసిరకమని బడివాళ్లు అనుకుంటారు. ఎక్కువసార్లు రెండూ కాదు. లోగోను కాగితం కోసం గీశారు, సూది కోసం దాన్ని మళ్లీ ఎవరూ గీయలేదు.

ఆ మళ్లీ గీయడమే పన్నెండేళ్లుగా నా పని. కంప్యూటర్ ఎంబ్రాయిడరీ వాళ్ల మాటలో దాని పేరు పంచింగ్. ఇప్పుడు చిల్లులు పొడిచేది ఎక్కడా లేదు కానీ మాట మిగిలింది. 1828లో ఫ్రాన్స్‌లోని మ్యూల్‌హౌస్‌లో జోషువా హైల్‌మన్ చేతితో తిప్పే ఎంబ్రాయిడరీ యంత్రం తయారుచేశాడు. పెద్దది చేసిన బొమ్మ మీద పనివాడు ఒక ముల్లును కుట్టు కుట్టుకీ జరుపుతుంటే, ఆ కదలికనే చిన్నగా అనుసరిస్తూ వరసకట్టిన సూదుల ముందు గుడ్డ కదిలేది. 1863లో స్విట్జర్లాండ్‌లో ఐజాక్ గ్రోబ్లి కుట్టుమిషన్ నుంచి నాడెను తీసుకొచ్చి ఈ పనికి జోడించాడు. పడవ ఆకారంలో ఉన్న ఆ నాడె వల్లే దానికి షిఫ్లీ, అంటే చిన్న పడవ, అని పేరొచ్చింది. 19వ శతాబ్దం ముగిసే వేళకి ఆయన కొడుకు ఆ ముల్లు పట్టే మనిషి స్థానంలో చిల్లుల అట్టను పెట్టాడు. అప్పట్నుంచి చాలాకాలం డిజైన్ అంటే చిల్లులే. ఈ చరిత్రలో నాకు ముఖ్యంగా కనిపించేది యంత్రం కాదు. బొమ్మను ఆరు రెట్లు పెద్దగా గీసుకుని, సూది ఎక్కడ దిగాలో ఒక్కో కుట్టూ గుర్తుపెట్టే మనిషి చిత్రకారుడికీ యంత్రానికీ మధ్య అప్పుడే ఉన్నాడు. రెండు వందల ఏళ్లు కావస్తున్నా ఆ మనిషి అవసరం తీరలేదు.

ఎందుకు తీరలేదో తెలియాలంటే ఒక గుండ్రం కుట్టి చూడాలి. స్క్రీన్ మీద కచ్చితమైన వృత్తం గీసి, అడ్డ కుట్లతో నింపమని మెషీన్‌కి ఇవ్వండి. ఫ్రేమ్ విప్పితే చేతికొచ్చేది కోడిగుడ్డు. కుట్టు అంటే దారాన్ని బిగించి లాగడం. లాగిన ప్రతిసారీ గుడ్డ కుట్టు నడిచే దిశలో కాస్త దగ్గరకు ముడుచుకుంటుంది, దానికి అడ్డంగా కాస్త బయటికి తోసుకొస్తుంది. అందుకే వృత్తం పక్కల నుంచి నొక్కుకుపోయి, పైకీ కిందికీ సాగుతుంది. దీనికి విరుగుడుగా పంచింగ్‌లో కుట్టు దిశలో ఇరువైపులా కొంత అదనం ఇస్తాం. మామూలు చొక్కా గుడ్డకి 0.2 మి.మీ., సాగే టీషర్టు గుడ్డకి 0.4 మి.మీ. దాకా. స్క్రీన్ మీద వృత్తం కొంచెం అడ్డంగా ఉబ్బినట్టు కనిపిస్తుంది. చూసిన కస్టమర్ ‘ఇదేంటి, గుండ్రంగా లేదు’ అంటాడు. కుట్టాక గుండ్రంగా ఉంటుంది.

రంగు చుట్టూ నల్లటి అంచు ఉన్న లోగోల్లో ఈ లాగుడు ఇంకా బయటపడుతుంది. రంగు ముందు కుడతాం, అంచు చివర్న. రంగు కుట్టేసరికి గుడ్డ ముడుచుకుంటుంది, అంచు మాత్రం ముందు అనుకున్న చోటే వచ్చి పడుతుంది. రెండింటి మధ్య చొక్కా గుడ్డ సన్నగా తొంగిచూస్తుంది. కాబట్టి రంగును అంచు కిందికి దూర్చి కుట్టాలి. అసలు ఆ అంచు లేకపోతే లోగోకి నష్టమేమిటని అడగడం ఇంకా మంచిది. పదిలో ఏడు లోగోలకు నష్టం ఉండదు.

మిగతా కొలతలు చాలావరకు దారం మందం నుంచే పుట్టాయి. మన దగ్గర ఎక్కువగా నడిచేది 40 నంబరు దారం. పరుచుకున్నప్పుడు అది దాదాపు 0.4 మి.మీ. చోటు తీసుకుంటుంది, అందుకే వరసకీ వరసకీ మధ్య దూరం కూడా మామూలుగా 0.4 మి.మీ. పెడతాం. అక్షరాలకూ అంచులకూ వాడే మెరిసే శాటిన్ కుట్టు ఒక మిల్లీమీటరు కన్నా సన్నబడితే సూది పడ్డ చోటే మళ్లీ పడి గుడ్డ చిరుగుతుంది. ఏడు మిల్లీమీటర్లు దాటితే దారం వదులై గోటికి తగులుకుంటుంది. అంతకన్నా వెడల్పు చోట్లను నాలుగేసి మిల్లీమీటర్ల కుట్లతో ఇటుకలు పేర్చినట్టు నింపుతాం. పై కుట్టు పడేముందు కింద పల్చగా అడుగు కుట్టు వేస్తాం. అది గుడ్డను వెనకపెట్టిన పేపరుకు పట్టి ఉంచుతుంది, పై దారం గుడ్డలోకి కుంగకుండా ఆపుతుంది. గోడకి రంగు వేసేముందు ప్రైమర్ కొట్టినట్టు. లోగో చూసేవాళ్లకి ఆ కుట్టు కనపడదు, అందుకే ఖర్చు తగ్గించాలనుకున్నప్పుడు ముందు దాన్నే కోసేస్తారు. అలాంటి బ్యాడ్జి ఐదారు ఉతుకులకే అంచులు పీక్కుపోతుంది.

ఇక వచ్చే బొమ్మల సంగతి. ఎక్కువమంది వాట్సాప్‌లో విజిటింగ్ కార్డు ఫొటో పంపుతారు. ఫొటోగా పంపితే వాట్సాప్ దాన్ని కుదించేస్తుంది, సన్నటి అంచులు మొదట పోతాయి. అదే బొమ్మను డాక్యుమెంటుగా పంపితే ఉన్నది ఉన్నట్టు వస్తుంది. ఫ్లెక్సీ కొట్టినవాళ్ల దగ్గర కోరల్ ఫైలు దొరికితే ఇంకా మంచిది. అందులో తెలుగు ‘అను’ ఫాంట్లలో ఉంటే, ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో పిచ్చి గీతలు కనిపిస్తాయి. పంపేముందు అక్షరాలను కర్వ్స్‌గా మార్చమని చెప్పాలి. ఇంత జాగ్రత్తగా తెచ్చిన ఫైలైనా సరే, అది బొమ్మే తప్ప కుట్టు కాదు. కోరల్ లాంటి వెక్టర్ ఫైలు ఇస్తే పంచింగ్ అక్కర్లేదని నమ్మేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ ఫైలు అంచులు ఎక్కడున్నాయో చెబుతుంది. కుట్టు ఏ వాలులో పడాలో, ఏది ముందో ఏది వెనకో, ఎక్కడ దారం తెంపాలో, ఎక్కడ తెంపకుండా కిందినుంచి నడిచి వెళ్లాలో చెప్పదు.

మన మగ్గం వర్క్ చేసేవాళ్లకి ఈ చిక్కు లేదు. ట్రేసింగ్ పేపరు మీద గీసి, గీత వెంట సూదితో చిల్లులు పొడిచి, కిరోసిన్‌లో కలిపిన తెల్ల పొడి రుద్ది జాకెట్టు గుడ్డ మీదికి డిజైన్ దించుతారు. అక్కడ గీసే చెయ్యి, కుట్టే చెయ్యి ఒకే గదిలో ఉంటాయి. గీతలో ఎంత సందు వదిలితే జరీ పడుతుందో గీసేవాడికి తెలుసు. లోగో గీసే కుర్రాడికి చొక్కా ఎవరు కుడతారో తెలియదు.

లోగోను సూది కోసం సరళం చేయడమంటే ఏమిటో ఒక చక్రంతో చెబుతాను. లోగో నడుమ 25 మి.మీ. చక్రం, దానికి 24 ఆకులు. ఆకులూ సందులూ కలిపి 48 భాగాలు. బయటి అంచు దగ్గర చుట్టుకొలత దాదాపు 78 మి.మీ., అంటే ఒక్కో భాగానికి 1.6 మి.మీ. బాగానే ఉంది. ఇరుసు వైపు, కేంద్రానికి నాలుగు మిల్లీమీటర్ల దూరంలో చుట్టుకొలత 25 మి.మీ.కి పడిపోతుంది. అక్కడ ఒక్కో భాగానికి దక్కేది అర మిల్లీమీటరు. ఒక దారం మందం పోతే సందు లేనట్టే. ఆకులన్నీ కలిసిపోయి నడుమ గట్టి ముద్ద అవుతుంది, ఆ ముద్ద మీద సూది విరుగుతుంది. మామూలు బండి చక్రమైతే ఆకుల్ని పన్నెండుకో ఎనిమిదికో తగ్గిస్తాం, చూసే కన్ను లెక్కపెట్టదు. అశోక చక్రమైతే తగ్గించే వీల్లేదు, సైజు పెంచాలి, లేదా ఆకులను శాటిన్ వదిలేసి ఒంటి దారపు గీతలుగా కుట్టాలి. ఆగస్టు నెల దగ్గరపడితే జెండానే చొక్కా మీద కుట్టమని అడిగేవాళ్లు వస్తారు. దుస్తుల గుడ్డ మీద, కుషన్ల మీద, చేతిరుమాళ్ల మీద జాతీయ జెండాను ఎంబ్రాయిడరీ చేయడం 1971 నాటి జాతీయ గౌరవ చట్టం కింద నేరమని వాళ్లకి చెప్పాల్సింది మేమే. పేరున్న కంపెనీల లోగోలు కూడా అంతే. అనుమతి లేకుండా కుడితే 1999 ట్రేడ్‌మార్క్ చట్టం ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు అంటుంది.

తెలుగు అక్షరం దగ్గర ఎక్కువసేపు ఆగుతాను. ఎంబ్రాయిడరీ గురించి దొరికే సలహాల్లో అక్షరాల కొలతలన్నీ ఇంగ్లీషు లిపికి లెక్కకట్టినవి. 40 నంబరు దారంతో ఐదు మిల్లీమీటర్ల ఎత్తున్న ఇంగ్లీషు పెద్దక్షరం చక్కగా కుదురుతుంది. ఆ ఐదునే తెలుగుకి పెడితే పని చెడుతుంది. ‘విద్యార్థి’ అని రాసి చూడండి. పైన గుడులూ దీర్ఘమూ, కింద యవత్తు, థవత్తు. అక్షరం మధ్యభాగానికి ఐదు మిల్లీమీటర్లు దక్కాలంటే వరస మొత్తం ఎత్తు పది, పన్నెండు మిల్లీమీటర్లు కావాలి. వలయంలో రాసే పేరుకి ఇది పెద్ద లెక్క. ఏడు సెంటీమీటర్ల బ్యాడ్జిలో అక్షరాలు కూర్చునే వృత్తం అడ్డుకొలత 60 మి.మీ. అనుకుంటే, పై సగం చాపం దాదాపు 94 మి.మీ. పేరులో 22 అక్షరాలుంటే ఒక్కోదానికి నాలుగు మిల్లీమీటర్ల పైచిలుకు వెడల్పు. ఆ చోటులో ‘ఠ’ లోపలి ఖాళీ గానీ సున్నా లోపలి ఖాళీ గానీ నిలవదు. ఖాళీ ఒక మిల్లీమీటరు కన్నా తక్కువైతే రెండువైపుల దారం ఉబ్బి మూసుకుపోతుంది, సున్నా చుక్కవుతుంది.

చుక్కయితే చదువుకోవచ్చు. అక్షరమే మారితే ఏం చేస్తాం? ఏడేళ్ల కిందట ఒక బడికి నాలుగు వందల చొక్కాలు కుట్టాం. నినాదంలో ‘సాధన’ అని ఉంది. అక్షరం మధ్యభాగం నాలుగు మిల్లీమీటర్లు. ‘ధ’ అడుగున ఉండే చిన్న నిలువు గీత స్క్రీన్ మీద 0.4 మి.మీ. వచ్చింది. నేను దాన్ని ఒక దారపు గీతగా పెట్టి వదిలేశాను. గుడ్డ మీద అది అక్షరం ఒంపులో కలిసిపోయింది. నాలుగు వందల జేబుల మీద ‘సాదన’. శాంపిల్ ముక్క నేనే చూశాను. పదం నాకు ముందే తెలుసు కాబట్టి ‘సాధన’ అనే చదివాను. పట్టుకున్నది ఆ బడిలో తెలుగు చెప్పే మేడం. చొక్కాలన్నీ వెనక్కి తీసుకుని, బ్యాడ్జీలు వేరే గుడ్డ మీద మళ్లీ కుట్టి పైన అతికించి ఇచ్చాం. అప్పట్నుంచి శాంపిల్‌ని లోగో చూడని మనిషికిచ్చి చదివిస్తాను.

ద, ధ. డ, ఢ. ప, ఫ. చ, ఛ. ఈ జంటల మధ్య తేడా అంతా ఆ చిన్న గీతే. అచ్చులో ఎంత సన్నగా ఉన్నా కన్ను పట్టుకుంటుంది. దారంలో దాన్ని కావాలని పెంచాలి. నేనిప్పుడు ఆ గీతను అక్షరం నుంచి కొంచెం కిందికి లాగి, కనీసం ఒక మి.మీ. వెడల్పుతో విడి శాటిన్‌గా పెడతాను. తలకట్టును కూడా అక్షరానికి అంటుకోనివ్వను, మధ్యలో సందు వదులుతాను. అక్షరాన్ని నిండుగా ఒకే ముక్కగా తీసుకోకుండా, చేత్తో రాసేటప్పుడు కలం ఎటు తిరుగుతుందో అటే శాటిన్‌ను తిప్పుతాను. మన అక్షరాలన్నీ ఒంపులే కాబట్టి అలా తిప్పితే వెలుగు దారం మీద పడి అక్షరం చెక్కినట్టు కనిపిస్తుంది. ఒంపు లోపలివైపు మాత్రం కుట్లన్నీ ఒకేచోట గుంపుగా పడతాయి. అక్కడ ఒక కుట్టు వదిలి ఒక కుట్టును పొట్టి చేయాలి. సాఫ్ట్‌వేర్లో ఆ సదుపాయం ఉంది, తెలుగుకి దాన్ని వాడితీరాలి.

ఫాంటు ఎంపికలో ఒక అపోహ ఉంది. లావు అక్షరమైతే దూరానికి బాగా కనపడుతుందని రామభద్ర లాంటి బరువైన ఫాంటు అడుగుతారు. పోస్టరు మీద అది రాజసంగా ఉంటుంది. చిన్న సైజులో దారంతో కుడితే లోపలి ఖాళీలన్నీ పూడిపోతాయి. మరీ సన్నటి ఫాంటులో శాటిన్ పట్టదు. గీత మందం మొదట్నుంచి చివరిదాకా ఒకేలా ఉండే మధ్యస్థపు ఫాంటు కావాలి. సిలికానాంధ్ర విడుదల చేసిన యూనికోడ్ ఫాంట్లు ఎవరికైనా ఉచితంగా దొరుకుతున్నాయి కాబట్టి ఎంచుకోవడానికి సరుకుకు లోటు లేదు. పాత ఎంబ్రాయిడరీ సాఫ్ట్‌వేర్లలో తెలుగు టైపు చేస్తే ఒత్తులూ గుణింతాలూ విడివిడిగా పడతాయి. ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో టైపు చేస్తే సరిగ్గా అతుకుతాయి, అక్కడ గీతలుగా మార్చి తెచ్చుకోవాలి.

ఇంత శ్రమ ఎందుకని చాలా షాపుల్లో కస్టమర్‌కి చెప్పే మాట ఒకటుంది: ‘తెలుగు వద్దులెండి సార్, ఇంగ్లీషు ఒక్కటి పెడదాం, నీట్‌గా వస్తుంది.’ ఆ మాట వినగానే నాకు బాధేస్తుంది. కాగితం మీద రెండు భాషల్లో ఉన్న బడి పేరు పిల్లవాడి ఛాతీ మీదికొచ్చేసరికి ఒక భాషలోనే మిగలడం లిపి తప్పు కాదు, మన బద్ధకం. తీసేయాల్సింది వస్తే దీపం తీసేయండి, సూర్యకిరణాలు తీసేయండి, నినాదాన్ని బ్యాడ్జి కిందికి విడిగా దింపండి. పేరుకి చోటివ్వండి.

ఆటోమేటిక్ పంచింగ్ గురించి ఇప్పుడు అందరూ అడుగుతున్నారు. బొమ్మ ఇచ్చి ఒక్క మీట నొక్కితే కుట్లు తయారయ్యే సదుపాయం పెద్ద సాఫ్ట్‌వేర్లన్నిట్లో ఉంది. పెద్ద పెద్ద ఆకారాలు, రెండు మూడు రంగులు, అక్షరాలు లేని లోగో అయితే పనికొచ్చే ఫలితమే వస్తుంది, నేనూ మొదటి చిత్తుకి వాడతాను. అది రంగును చూస్తుంది, గుడ్డను చూడదు. టవల్ మీద కుడుతున్నామో టోపీ మీద కుడుతున్నామో దానికి తెలియదు. టోపీ అయితే కిందినుంచి పైకి, నడుమ నుంచి పక్కలకి కుట్టాలి, లేకపోతే ముందుభాగం గుడ్డ ముడత పడుతుంది. టవల్ అయితే పైన నీళ్లలో కరిగే పల్చటి ఫిల్మ్ పరచాలి, లేకపోతే కుట్లు నూలు పోగుల్లో మునిగిపోతాయి. ఈమధ్య ఏఐతో గీయించిన లోగోలు వస్తున్నాయి. వెంట్రుక వాసి గీతలు, రంగు నుంచి రంగుకి జారే నీడలు. దారంతో నీడ పుట్టించాలంటే రెండు రంగుల వరసల్ని పల్చన చేసి ఒకదానిలో ఒకటి దూర్చాలి. జాకెట్టు వీపు మీద పెద్ద నెమలికి అది అందం, జేబు మీది లోగోకి వృథా. నేర్చుకోవాలనుకునే అమ్మాయిలకి నేను చెప్పేది ఇంక్‌స్కేప్‌లో నడిచే ఇంక్‌స్టిచ్. ఉచితం, ఒక్కో కుట్టూ మనమే పెట్టుకోవచ్చు. ఇంట్లో ఉషా జానోమ్ మెషీన్ పెట్టుకుని జాకెట్లు కుట్టేవాళ్లకి అది చాలు.

ఫైళ్ల విషయంలో కస్టమర్లు ఎక్కువ మోసపోతారు, తెలియక. మెషీన్‌కి వెళ్లే డీఎస్టీ ఫైలు ఉడికిన అన్నం. సూది ఎటు కదలాలో మిల్లీమీటరులో పదో వంతు లెక్కన అందులో ఉంటుంది, అంతే. రంగులు కూడా ఉండవు, అందుకే వేరే షాపులో తెరిస్తే ఎర్ర లోగో పచ్చగా కనిపిస్తుంది. దాన్ని పెంచితే కుట్ల సంఖ్య మారకుండా సందులు సాగుతాయి, తగ్గిస్తే ఇరుక్కుంటాయి. పది శాతం దాటి మార్చకూడదు. విల్కామ్ ఈఎంబీ లాంటి అసలు ఫైలు బియ్యం, దాన్ని ఎంత కావాలంటే అంత వండుకోవచ్చు. డబ్బిచ్చి పంచింగ్ చేయించుకున్న బడివాళ్లు రెండూ అడిగి తీసుకోవాలి, దారం నంబర్ల చీటీతో సహా.

డబ్బుల లెక్క ఈ పనిని లోపలినుంచి తింటోంది. జాబ్‌వర్క్ రేటు వెయ్యి కుట్లకి ఇంతని. ఎనిమిది వేల కుట్ల బ్యాడ్జి నిమిషానికి ఎనిమిది వందల కుట్ల వేగంతో పది నిమిషాలు, పైన దారం తెంపులకీ రంగు మార్పులకీ ఇంకొంత. కస్టమర్ బేరమాడితే కుట్లు తగ్గుతాయి, వరసలు పల్చనై కింద గుడ్డ కనిపిస్తుంది. ఆర్డరు పట్టడానికి పంచింగ్ ఫ్రీ అంటారు. ఫ్రీ అన్నాక ఎవరూ మూడు గంటలు కూర్చుని అక్షరం ఒంపులు సరిచేయరు, మీట నొక్కి పంపేస్తారు. ఒక బ్యాడ్జి పంచింగ్‌కి ఒకసారే ఖర్చు, అది పదేళ్లు నడుస్తుంది. ఏ ఖర్చు తగ్గించుకున్నా దీన్ని తగ్గించుకోవద్దని నా మనవి.

కొన్నిసార్లు ఎంబ్రాయిడరీ వద్దనే చెప్పాలి. నాలుగు సెంటీమీటర్లలో మూడు వరసల తెలుగు కావాలంటే నేత లేబుల్ మేలు. సన్నటి పోగులతో మగ్గం మీద నేసే ఆ లేబుల్‌లో మూడు మిల్లీమీటర్ల అక్షరం కూడా చదవొచ్చు. దాన్ని జేబు మీద చుట్టూ కుట్టేయొచ్చు. పల్చటి ఆటల జెర్సీ మీద వత్తుగా నింపిన పెద్ద లోగో కుడితే రేకులా బిగుసుకుంటుంది, చెమటకి ఒరుసుకుంటుంది. అక్కడ ప్రింటు చాలు. 60 నంబరు సన్నదారం, దానికి తగ్గ సన్నసూది పెడితే అక్షరం ఇంకొంచెం దిగుతుంది, కానీ ప్రతి షాపులో అవి ఉండవు.

నా బల్ల పక్కన గోడకి ఒక తెల్ల గుడ్డ తగిలించి ఉంది. దాని మీద అచ్చులూ హల్లులూ అన్నీ కుట్టాను, మధ్యభాగం ఎనిమిది మిల్లీమీటర్లతో ఒక వరస, ఆరుతో ఒకటి, ఐదుతో ఒకటి. కొత్తవాళ్లెవరైనా పనికొస్తే ముందు ఆ గుడ్డ చదవమంటాను. ఎనిమిదిలో అన్నీ చదువుతారు. ఆరులో ‘ధ’ ఇప్పుడు ‘ధ’గానే ఉంది. ‘ఢ’ మాత్రం ఇంకా సగంమందికి ‘డ’ లాగే కనిపిస్తోంది. దాని అడుగు గీతను ఎడమకి అర మిల్లీమీటరు జరిపి నిన్న మళ్లీ కుట్టాను. ఇంకా ఎవరికీ చూపించలేదు.